ప్రేమావతి రహస్య మనవి

ఆ శుక్రవారం ప్రేమావతి వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్తకు ఉప్మా పెట్టి డ్యూటీకి పంపాలి. తను ఏమీ తినకుండా చర్చిలో ఉపవాస ప్రార్థనకు వెళ్లి, కూతురి విషయం దేవుడి చెవిన వేయాలి. సాయంత్రం తోట కొనబోయే ఉమాశంకర్ గారు అడ్వాన్సు పట్టుకుని వచ్చేసరికి ఇల్లు సర్ది, టీ పెట్టడానికి సిద్ధంగా ఉండాలి. ఇంతే. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. ప్రేమావతి అలా అనుకునే మనిషి కాదు. పాలు పొంగితే స్టవ్వు ఆరి గ్యాసు లీకవుతుందేమోనని, పొంగకపోతే పాలు విరిగిపోయాయేమోనని భయపడే మనిషి.

అసలు సంగతి ఇది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు రూత్ ఇంటరు పాసై, లా చదువుకు ఎంట్రన్సులు రాసింది. రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి హైదరాబాదులో పేరున్న ప్రైవేటు కాలేజీ. రెండోది గుంటూరు దగ్గర యూనివర్సిటీ కాలేజీ. రెండూ ఐదేళ్ల చదువులే. ఫీజుల్లో మాత్రం ఏనుగుకూ ఎలుకకూ ఉన్నంత తేడా. ఏనుగు కాలేజీవాళ్లు, ఈ రాత్రిలోగా ఫీజు కట్టకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని మెసేజి పెట్టారు.

తండ్రి లాజరు తిరువూరు డిపోలో కండక్టరు. నూజివీడు సర్వీసు. "మా అమ్మాయి హైదరాబాదులో లా చదవబోతోందండీ" అని చెప్పకుండా ఆయన ఆ రూట్లో ఎవరికీ చిల్లర తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడు ఆ మాట నిలబెట్టుకోవడానికి విస్సన్నపేట రోడ్డులో ఉన్న అరెకరం మామిడితోటను అమ్మకానికి పెట్టాడు. అది ప్రేమావతికి తల్లి ఇచ్చిన తోట. "ఎప్పుడేం ముంచుకొచ్చినా ఈ చెట్లు నిన్ను చూసుకుంటాయే" అని చెప్పి ఇచ్చింది. ముంచుకొచ్చేవాటి గురించి ఆలోచించడమే పనిగా బతికే ప్రేమావతికి రాత్రిళ్లు నిద్ర పట్టడానికి ఆ తోటే మందు.

"అమ్మాయి మనసులో ఏముందో ఇంకోసారి అడగరాదండీ?" అంది, ఉప్మా వడ్డిస్తూ.

"అడిగాగా! 'మీ ఇష్టం నాన్నా' అంది. నా ఇష్టం హైదరాబాదు. ఇంకేంటి?"

"గుంటూరైతే తోట మిగులుద్ది కదా అని..."

"అక్కడ ఏసీ క్లాసురూములే పిచ్చిదానా! గుర్రపు స్వారీ కూడా నేర్పిస్తారంట."

"లాయరుకి గుర్రమెందుకండీ? పడితే?"

లాజరు లేచి చెయ్యి కడుక్కున్నాడు. నిజానికి గుంటూరు అన్నా ప్రేమావతికి ధైర్యం లేదు. ఏడో తరగతితో చదువాపేసిన తనకు కాలేజీల సంగతేం తెలుసు? చవకగా వచ్చిందని కొన్న చీర మొదటి ఉతుకుకే రంగు దిగినట్టు, చవక చదువూ రంగు దిగితే పిల్ల గతేం కాను? అమ్మితే తోట పోతుంది, అమ్మకపోతే పిల్ల బతుకు పోతుంది. ఎటు తిరిగినా గొయ్యే.

"అమ్మా, బజారులో కాస్త పనుంది, వెళ్లొస్తా" అంటూ రూత్ తల్లి కళ్లలోకి చూడకుండానే గడప దాటింది.

చర్చిలో ఆడవాళ్లంతా చాపల మీద కూర్చున్నారు. ఒక్కొక్కరే లేచి తమ మనవి చెబితే అందరూ కలిసి దాని కోసం ప్రార్థన చేయడం అక్కడి పద్ధతి. బయటికి చెప్పుకోలేని కష్టమైతే 'రహస్య మనవి' అనొచ్చు. అప్పుడు ఎవరూ వివరాలు అడగకూడదు. అడగకూడదనే నియమమే గానీ, ఊహించకూడదన్న నియమం ఎవరూ పెట్టలేదు.

ప్రేమావతి వంతు వచ్చింది. కాలేజీ పేరు, సీటు మాట నలుగురిలో అంటే దిష్టి తగులుతుందేమోనని ఆమె భయం. దిష్టిని నమ్మకూడదని పాస్టరు గారు చాలాసార్లు చెప్పారు, అందుకని ఆమె నమ్మేది కాదు. భయపడేది, అంతే.

"నాది రహస్య మనవండీ" అంది లేచి. "మా రూత్ విషయం. రెండున్నాయి. హైదరాబాదు ఒకటి, గుంటూరు ఒకటి. వాళ్ల నాన్నది పట్టుదల. దాని మనసు ఇంకోచోట ఉందేమోనని నా భయం. ఈ సాయంత్రంలోగా తేలిపోవాలి. ఇంతకన్నా నోరు విప్పలేను." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆమె ఏడవడం కొత్తేమీ కాదు. గ్యాసు బండ ఆలస్యమైనప్పుడూ అక్కడే నిలబడి ఏడ్చింది. కానీ ఆడపిల్ల పేరు, రెండు ఊళ్లు, తండ్రి పట్టుదల, సాయంత్రం గడువు, వీటన్నిటి మీదా కన్నీళ్లు. చాపల మీద నిట్టూర్పులు వినిపించాయి.

చివర్లో పక్కింటి అంతోనమ్మ గొంతెత్తి ప్రార్థించింది. "ప్రభువా! ఈ గొర్రెపిల్ల చుట్టూ తిరుగుతున్న తోడేలును పారదోలు! రెండు తోడేళ్లయితే రెండింటినీ పారదోలు!" అంతోనమ్మ ప్రార్థనల్లో తోడేలు ఎప్పుడూ ఉండేదే. పోయిన నెల టిఫిను బండి ఏసురత్నం కిడ్నీలో రాయి కోసం చేసిన ప్రార్థనలోనూ ఉంది. అందుకని ప్రేమావతి పట్టించుకోకుండా అందరికన్నా గట్టిగా 'ఆమేన్' అని తేలికపడ్డ గుండెతో ఇల్లు చేరింది.

అంతోనమ్మ గుండె మాత్రం బరువెక్కింది. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఆ చుట్టుపక్కల కబుర్లకు కూడా చార్జీ తప్పింది. ప్రార్థన ముగిసిన కాసేపటికే సగంమంది బస్సెక్కారు, మిగతా సగం ఫోన్లు తీశారు. అంతోనమ్మ, ఇంటి పెద్దకు తెలియకపోతే ఎలాగని, పెనుగొలనులో ఉన్న లాజరు అన్నయ్య యేసుబాబుకు స్వయంగా ఫోన్ చేసింది.

మధ్యాహ్నం దాటినా రూత్ రాలేదు. ఫోన్ మోగుతోంది గానీ ఎత్తడం లేదు. ప్రేమావతి గుమ్మానికీ వంటింటికీ మధ్య తిరుగుతుంటే అంతోనమ్మ ఆయాసపడుతూ వచ్చింది.

"ప్రేమా, గుండె రాయి చేసుకో."

ప్రేమావతి వెంటనే కూర్చుంది. గుండె రాయి చేసుకోవాల్సి వచ్చినప్పుడు ముందు కూర్చోవడం ఆమెకు అలవాటు.

"మీ రూత్ ప్లీడరు వెంకటకృష్ణారావు గారింట్లో ఉందంట. ఎదురుగా టిఫిను బండి పెట్టుకుంది కదా మన ఏసురత్నం, అది కళ్లారా చూసింది. పొద్దున లోపలికెళ్లిన పిల్ల ఇంకా బయటికి రాలేదంట."

"ప్లీడరు గారింట్లో దీనికేం పనక్కా?"

"ఏం పనేంటే తల్లీ? రిజిస్టరు పెళ్లికి ప్లీడరు కాకపోతే మన పాస్టరు గారు వస్తారా?"

"పెళ్లా! ఎవరితో?"

"అది నువ్వు చెప్పాలి. హైదరాబాదువాడితోనా, గుంటూరువాడితోనా?"

ఇక్కడ వేరే ఏ తల్లయినా పకపకా నవ్వేసి, 'అవి కాలేజీలక్కా' అనేది. కథ అక్కడితో ముగిసేది. కానీ తన నోటి మాటే ఊరంతా తిరిగి, వేషం మార్చుకుని, తన గుమ్మంలోకి వచ్చి నిలబడేసరికి ప్రేమావతి గుర్తుపట్టలేకపోయింది. భయంలో ఉన్నవాళ్లకు భయం ఒక్కటే గుర్తుంటుంది.

"ఇద్దరున్నారా అక్కా?" అంది నీరసంగా.

"పొద్దున నువ్వేగా చెప్పావు, రెండున్నాయని!"

"నేను చెప్పానా?" ప్రేమావతి గుండె మీద చెయ్యి వేసుకుంది. "అంటే... నాకు ముందే తెలిసిపోయిందన్నమాట! తల్లి మనసు అక్కా, తల్లి మనసు! అందుకేనా అది నాలుగు రోజుల నుంచీ అన్నం సరిగా తినట్లేదు! అందుకేనా 'మీ ఇష్టం నాన్నా' అంది!"

వెంటనే భర్తకు ఫోన్ చేసింది. బస్సు విస్సన్నపేటలో ఆగి ఉంది. ఒక చేతిలో టికెట్ల మిషను, ఇంకో చేతిలో చిల్లర ఉండటంతో లాజరు ఫోన్‌ను స్పీకర్లో పెట్టి జేబులో వేసుకున్నాడు.

"ఏవండీ! అమ్మాయి ప్లీడరు గారింట్లో పెళ్లి చేసుకుంటోందంటండీ!" అని ఆయన జేబు బస్సంతటికీ వినపడేలా అరిచింది.

"పెళ్లేంటే? ఎవడితో?"

"హైదరాబాదో గుంటూరో ఇంకా తేలలేదంటండీ!"

డ్రైవరు ఇంజను ఆపేశాడు. ముందు సీటులో ఉన్న ఒక పెద్దావిడ జాలిగా, "గుంటూరే నయం కండక్టరు గారూ. దగ్గర, వచ్చిపోతుండొచ్చు" అంది. వెనక నుంచి ఇంకెవరో, "హైదరాబాదువాడి ఉద్యోగమేంటో కనుక్కోండి ముందు" అన్నారు. "పోనీ, పోనీ, రైట్ రైట్!" అని లాజరు అరిచాడు. ఆ రోజు ఆ బస్సు తిరువూరు చేరినంత త్వరగా ఎప్పుడూ చేరలేదు.

అప్పటికే పెనుగొలను నుంచి యేసుబాబు ఆటో దిగాడు. తెల్లపంచె, చేతికర్ర.

"మన వంశంలో ప్లీడరు గడప తొక్కినోళ్లున్నారా అమ్మాయ్?" అన్నాడు వస్తూనే. గట్టు తగాదాలో తను కోర్టు చుట్టూ తిరిగిన ఏళ్లు ఆయనకు ఆ క్షణంలో గుర్తు రాలేదు.

"నాకేం తెలుసు బావగారూ, అంతా తల్లి మనసుకు తెలిసిపోయింది" అని ప్రేమావతి మళ్లీ ఏడ్చింది.

చూస్తుండగానే వరండా నిండిపోయింది. ప్రార్థనకు వచ్చినవాళ్లు, రానందుకు బాధపడినవాళ్లు, పరామర్శకని అరటిపళ్లు తెచ్చినవాళ్లు. వాళ్లను తోసుకుంటూ లాజరు వచ్చాడు, మెడలో టికెట్ల మిషను అలాగే వేలాడుతోంది. సంగతి తేలేదాకా ఇంటికి వెళ్లబుద్ధి కాని ప్రయాణికులు నలుగురైదుగురు వెనకే ఉన్నారు.

"రండి, ప్లీడరు గారింటికే పోదాం" అని లాజరు, "మనం పోవడమేంటి, ఆయన్నే రమ్మను" అని యేసుబాబు వాదించుకుంటుంటే, చేతిసంచీతో ఉమాశంకర్ గారు గేటు తీశారు. బజారులో ఎరువుల కొట్టు ఉన్న పెద్దమనిషి. ఆచితూచి అడుగు వేస్తారు, ఆచితూచి బేరం చేస్తారు. తోట ధరను అప్పటికే రెండుసార్లు తగ్గించారు. గుమ్మం ముందు అన్ని జతల చెప్పులు చూసి ఆగిపోయారు.

"ఎవరికేమైందండీ?"

"మా పరువు పోయిందండీ" అన్నాడు యేసుబాబు. "ప్లీడరు సంగతి తేలాలి, తర్వాతే ఏదైనా."

"ప్లీడరా?" ఉమాశంకర్ గారు సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "తమరెవరండీ?"

"లాజరుకి సొంత అన్నని. నన్ను అడక్కుండా ఈ ఇంట్లో ఏదీ జరగడానికి లేదు. అవసరమైతే కోర్టుకెక్కుతా!"

సరిగ్గా అప్పుడే గేటు ముందు స్కూటరు ఆగింది. కోర్టు నుంచి ఇంటికొచ్చి కోటైనా విప్పకుండా బయల్దేరినట్టున్నారు, ప్లీడరు వెంకటకృష్ణారావు గారు నల్లకోటుతోనే దిగారు. వెనక సీటు మీద నుంచి రూత్ దిగింది.

ఉమాశంకర్ గారు నల్లకోటును చూశారు. అన్నగారి కర్రను చూశారు. వరండాలో సాక్షుల్లా నిలబడిన జనాన్ని చూశారు. "తగాదాలున్న భూమి నాకొద్దు లాజరూ! ఇంట్లోవాళ్లు సంతకాలు పెట్టనన్నారని ముందే చెప్పాల్సింది!" అంటూ సంచీని గుండెకు హత్తుకుని బండెక్కారు. జీవితంలో మొదటిసారి ఆయన ఆచితూచకుండా కదిలారు.

"ఉమాశంకర్ గారూ! ఆగండి! అడ్వాన్సు!" లాజరు వీధి చివరిదాకా పరుగెత్తాడు. మెడలోని మిషను మాత్రం ఆయన వెంట చప్పుడు చేసుకుంటూ వెళ్లి, చప్పుడు చేసుకుంటూ తిరిగొచ్చింది.

ప్రేమావతి ఆ బండి మలుపు తిరగడం చూసింది. పోయిన కరెంటు వచ్చి నెత్తి మీద ఫ్యాను తిరిగినట్టు, ఎక్కడి నుంచో ఆమె ఒంటికి చల్లగా తగిలింది. కూతురు పెళ్లి చేసుకుని వచ్చిన రోజున ఇంత హాయిగా ఉండటం తప్పేమోనని వెంటనే భయపడింది.

యేసుబాబు కర్ర ఎత్తి ప్లీడరు గారికి అడ్డం నిలబడ్డాడు. "చేసేశారా?"

"ఏం చేశానండీ?"

"మా పిల్లకి పెళ్లి!"

ప్లీడరు గారు కళ్లజోడు సవరించుకున్నారు. "నేను కాఫీ ఇప్పించానండీ. అంతకు మించి ఏమీ చెయ్యలేదు."

"మరి హైదరాబాదువాడెక్కడ?"

"హైదరాబాదువాడెవరు పెదనాన్నా?" అంది రూత్. "హైదరాబాదులో ఉన్నది కాలేజీ."

"గుంటూరువాడు?"

"అదీ కాలేజీయే."

వరండా మీది జనమంతా అంతోనమ్మ వైపు తిరిగారు. అంతోనమ్మ ప్రేమావతి వైపు తిరిగింది. ప్రేమావతి తన వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ తప్ప ఇంకెవరూ లేరు.

"నువ్వు పొద్దున కాలేజీ అన్నావా ప్రేమా?" అంది అంతోనమ్మ.

"రహస్య మనవి కదక్కా..." అంది ప్రేమావతి, నేల చూస్తూ.

"ఆటోవాడు రానుపోను మాట్లాడుకున్నాడే" అని యేసుబాబు కర్ర దించి కుర్చీలో కూలబడ్డాడు. ఆయన ముఖంలో, ఇద్దరిలో ఒక్కడైనా దొరకలేదే అన్న నిరాశ స్పష్టంగా కనిపించింది.

లాజరు మాత్రం మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. "అయిపోయింది. అడ్వాన్సు పోయింది. హైదరాబాదు పోయింది."

"నాన్నా, నాకది వద్దు." రూత్ వెళ్లి పక్కన కూర్చుంది. "అదే నీకు ఎలా చెప్పాలో తెలియక సార్ దగ్గరికి వెళ్లా. అక్కడ ఫోన్లు మోగకూడదని బోర్డుంది, అందుకే సైలెంట్లో పెట్టా. కోర్టయ్యాక సారే వచ్చి చెబుతానన్నారు, అందాకా అక్కడే కూర్చున్నా."

"వద్దా? ఏసీ క్లాసురూములే తల్లీ!"

ప్లీడరు గారు అరటిపళ్లు పక్కకు జరిపి అరుగు మీద కూర్చున్నారు. "చూడు లాజరూ. ఆ కాలేజీ మంచిదే, కాదనను. కంపెనీలో పెద్ద ఉద్యోగం కావాలన్న పిల్లయితే, అప్పు చేసైనా పంపమని నేనే చెబుదును. నీ కూతురు నాతో ఏమందో తెలుసా? 'నేను తిరువూరు కోర్టులో నిలబడి వాదించాలి సార్, తర్వాత జడ్జి పరీక్ష రాయాలి' అంది. కొత్తగా కోర్టుకొచ్చిన జూనియరుకి కొన్నేళ్లపాటు మేం ఇచ్చేది టీ ఖర్చులకే సరిపోతుంది. తోట అమ్మించి చదివిన పిల్ల ఆ టీ ఖర్చులతో మనశ్శాంతిగా పని నేర్చుకోగలదా? ఆ డబ్బు రాబట్టాలని ఏదో కంపెనీకి పోతుంది. ఇంక కోర్టు మొహం చూడదు. జడ్జి పరీక్షలో నువ్వెంత ఫీజు కట్టావన్న ప్రశ్న ఉండదయ్యా."

"గుంటూరులో చదువు బాగుంటుందా సార్?" అంది ప్రేమావతి తలుపు చాటు నుంచి. "రంగు... అదే, మధ్యలో దిగిపోదు కదా?"

"నేను చదివింది అక్కడేనమ్మా. ఇంకా దిగలేదు."

లాజరు తల ఎత్తలేదు. "కానీ నేను రూటంతా చెప్పేశానండీ. రేపు బస్సులో అడిగితే ఏమని చెప్పను?"

రూత్ ఆయన మెడలోని మిషను మీద చెయ్యి వేసింది. "నాన్నా, విస్సన్నపేటలో దిగే మనిషికి నువ్వు నూజివీడు టికెట్టు కొడతావా?"

"కొట్టను. ఎందుకు కొడతాను?"

"ఆ మనిషి ముచ్చటపడి అడిగితే?"

లాజరు ఆలోచించాడు. ఇది ఆయన శాఖకు సంబంధించిన ప్రశ్న. "అయినా కొట్టకూడదు. కొడితే పై డబ్బులు వృథా. ఒకసారి కొట్టాక వెనక్కి తీసుకోవడానికి కూడా ఉండదు" అని ఆగిపోయాడు. కాసేపు కూతురి ముఖం చూశాడు. తర్వాత మెడలోంచి మిషను తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "సరేలే. నువ్వు దిగే చోటు నీకు తెలిసినప్పుడు నాదేముంది? గుర్రం మీద ఒక ఫొటో చూద్దామనుకున్నా, అంతే."

"ఈ ముక్క నాతో ముందే అనొచ్చుగా!" అంది ప్రేమావతి కూతురితో.

"నువ్వు భయపడతావని చెప్పలేదమ్మా."

"నేనా? నేనెందుకు భయపడతానే?"

వరండాలో దగ్గు వచ్చినవాళ్లు కూడా ఆపుకున్నారు.

ఆ నిశ్శబ్దాన్ని అంతోనమ్మే ముందు తట్టుకోలేకపోయింది. "అయినా నా ప్రార్థన ఎక్కడికి పోతుంది? తోడేలును పారదోలమని అడిగానా లేదా? అందరూ చూశారుగా, సంచీతో సహా ఎట్లా పారిపోయిందో!" అంది. అడ్వాన్సు తెచ్చిన పెద్దమనిషిని తోడేలనడం భావ్యం కాదని ప్రేమావతికి తెలుసు. అయినా, రెండుసార్లు ధర తగ్గించిన సంగతి గుర్తొచ్చి, మెల్లగా 'ఆమేన్' అంది. ఉమాశంకర్ గారి కోసం సిద్ధం చేసిన పాలు వరండాలో ఉన్నవాళ్లందరికీ సరిపోయాయి. కాస్త నీళ్లు కలపాల్సి వచ్చింది, అంతే. ఆ రాత్రి ఆమె తోటలోని చెట్లను ఒక్కొక్కటే తలుచుకుంటూ పడుకుంది. సగం తోట తిరగకముందే నిద్ర పట్టేసింది.

కొన్నాళ్లకు రూత్‌ను గుంటూరు కాలేజీలో చేర్చడానికి ముగ్గురూ విజయవాడ బస్సెక్కారు. లాజరు సెలవు పెట్టి ప్రయాణికుడిగా కూర్చున్నాడు గానీ, ప్రతి స్టాపులోనూ ఎక్కినవాళ్లను కళ్లతో లెక్కపెడుతూనే ఉన్నాడు. ప్రేమావతి ఒళ్లో, హాస్టలు తిండి ఎలా ఉంటుందోనని తెచ్చిన, తన తోట కాయతో పెట్టిన ఆవకాయ జాడీ ఉంది. పక్క సీటులో ఉన్న పెద్దావిడ రూత్‌ను పరకాయించి చూసింది. ఆ రోజు విస్సన్నపేటలో ఆగిన బస్సులో ముందు సీటులో కూర్చున్నావిడే.

"ఏమ్మా, మీ అమ్మాయికి చివరికి గుంటూరే ఖాయం చేశారంటగా! నేను ఆ రోజే చెప్పా మీ ఆయనకి, దగ్గరే నయమని. వాళ్లు మంచివాళ్లేనా?"

విడమరిచి చెబుదామని ప్రేమావతి నోరు తెరిచింది. కిందటిసారి నోరు తెరిచినప్పుడు జరిగినదంతా గుర్తొచ్చింది.

"మంచివాళ్లేనండీ," అంది జాడీని దగ్గరకు తీసుకుంటూ, "సాంబారే కాస్త పలచనంట."